కందిరీగ చేసింది పాపమా?

గత వేసవి సెలవుల్లో మా విచారణలో పిల్లలకు సత్యోపదేశ తరగతులు జరిగాయి. ఒకరోజు మధ్యాహ్నం విరామ సమయంలో ఒక అబ్బాయి గుడి వెనుక గది కిటికీ చెక్కకు అంటుకుని ఉన్న మట్టిగూడును పుల్లతో పొడిచి విరగ్గొట్టాడు. లోపలినుంచి పది పన్నెండు చిన్న సాలీళ్లు రాలిపడ్డాయి. చచ్చిన పురుగులే కదా అని నేను చీపురు తెమ్మన్నాను. వాడు మోకాళ్లమీద కూర్చుని, ముఖం నేలకు ఆనించి చూసి, "మాస్టారూ, ఇవి చావలేదు. కాలు కదులుతోంది చూడండి" అన్నాడు.

నిజమే. ఒక సాలీడు కాలు సన్నగా వణుకుతోంది. అది లేవలేదు, పారిపోలేదు, చావలేదు.

"కందిరీగ వీటిని బతికుండగానే లోపల పెట్టి మూసేసిందా? ఇది పాపం కదా మాస్టారూ? అలాంటి కందిరీగను కూడా దేవుడే చేశాడా?"

వాడికి తొమ్మిదేళ్లు. "పురుగులకు పాపం ఉండదురా, వెళ్లి బల్లమీద కూర్చో" అని నేను వాణ్ణి పంపించేశాను. నా జవాబు తప్పు కాదు. కానీ అది జవాబు చెప్పడం కాదు, నోరు మూయించడం. ఆ తేడా పిల్లలకు బాగా తెలుస్తుంది. ఆ అబ్బాయి అమ్మమ్మ ఇంట్లో పెరుగుతున్నాడు. ఎందుకో ఈ వ్యాసంలోనే చెబుతాను. ముందు వాడి ప్రశ్న సంగతి చూద్దాం.

మన ఇళ్ల గోడలమీద, ఫోటో పటాల వెనుక, తలుపు మూలల్లో ఇలాంటి మట్టిగూళ్లు మీరందరూ చూసే ఉంటారు. వాటిని కట్టేది నలుపు, పసుపు రంగుల్లో ఉండే సన్నని నడుము కందిరీగ. మన దక్షిణ దేశంలో కనిపించే ఒక జాతికి 1781లో ఫాబ్రిషియస్ అనే శాస్త్రజ్ఞుడు మద్రాసు పట్నం పేరే పెట్టాడు. తల్లి ఈగ తడి మట్టిని ఉండలుగా నోట కరుచుకుని వచ్చి గది కడుతుంది. తర్వాత సాలీళ్లను వేటాడుతుంది. కుట్టి విషం ఎక్కిస్తుంది గాని, ఆ విషం సాలీడును కదలకుండా పడవేస్తుంది. చంపితే మాంసం కుళ్లిపోతుంది, వదిలేస్తే పారిపోతుంది. అందుకే ఈ మధ్యస్థితి. అలాంటివాటిని గదినిండా కూరి, ఒక్క గుడ్డు పెట్టి, మట్టితో మూసేసి ఎగిరిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు ఆ సాలీళ్లను ఒక్కొక్కటిగా తిని పెరిగి, గూడు కొరుక్కుని బయటికి వస్తుంది. అది తల్లి ముఖం ఎన్నడూ చూడదు. తల్లి దాని ముఖం చూడదు.

మన పూర్వికులు ఈ దృశ్యాన్ని గమనించే భ్రమర కీటక న్యాయం చెప్పారు. కొన్ని జాతుల కందిరీగలు సాలీళ్లకు బదులు పచ్చపురుగులను తెచ్చి గూట్లో పెడతాయి. పురుగు లోపలికి వెళ్లింది, కొన్నాళ్లకు ఈగ బయటికి వచ్చింది. కాబట్టి ఈగ ఝంకారం వినీ వినీ పురుగే ఈగగా మారిపోయిందని అనుకున్నారు. ధ్యానించేవాడు ధ్యానించిన రూపాన్నే పొందుతాడని చెప్పడానికి ఇది చక్కని ఉపమానం. కాని ఆ గూట్లో జరిగింది మార్పు కాదు, భోజనం. వారు చూసింది నిజమే, అనుకున్నది మాత్రం నిజం కాదు.

ఈ విషయమే చార్లెస్ డార్విన్‌ను కూడా బాధించింది. 1860 మే నెలలో ఆయన తన స్నేహితుడు, అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు, దైవభక్తుడైన ఏసా గ్రేకు ఒక ఉత్తరం రాశాడు. బతికున్న గొంగళిపురుగుల శరీరాల్లో పెరిగే కందిరీగ జాతులను దయగల సర్వశక్తిమంతుడైన దేవుడు కావాలని చేశాడని తాను నమ్మలేకపోతున్నానని అందులో చెప్పుకున్నాడు. నాస్తికత్వం రాయాలన్న ఉద్దేశం తనకు లేదని కూడా అదే ఉత్తరంలో అన్నాడు. మన తొమ్మిదేళ్ల కుర్రవాడు అడిగిన ప్రశ్న అంత పెద్ద పండితుణ్ణి కూడా నిద్రపోనివ్వని ప్రశ్నే.

ఇప్పుడు కందిరీగను వదిలి కొండముచ్చు దగ్గరికి వద్దాం. నల్లని ముఖం, పొడుగు తోక, బూడిదరంగు ఒళ్లు. మన కొండల్లో, పాత కోటల్లో, గుళ్ల దగ్గర దీన్ని చూడనివారు లేరు. తల్లి ఆరు నెలలకు పైగా మోసి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. పుట్టిన పిల్ల ముదురు రంగులో ఉండి, గుంపులోని ఆడవన్నీ మూగేలా చేస్తుంది. తల్లి తన పిల్లను తొలిరోజే మిగతా ఆడవాటి చేతికి అందిస్తుంది. పిన్నులు, పెద్దమ్మలు, అక్కలు వంతులవారీగా ఎత్తుకుంటారు. మన ఇళ్లలో పురిటిగది ముందు కనిపించే సందడి లాంటిదే ఇది. పిల్ల తల్లి పొట్టను గట్టిగా కరుచుకుని ఉండడం చూసే కదా మర్కట కిశోర న్యాయం పుట్టింది. పిల్ల చనిపోతే ఆ కళేబరాన్ని వదలలేక రోజుల తరబడి మోసుకు తిరిగే కోతి తల్లులను కూడా శాస్త్రజ్ఞులు చూశారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే మన మనసు వెంటనే తీర్పు చెబుతుంది. కందిరీగ క్రూరురాలు, కొండముచ్చు తల్లి ప్రేమమయి. ఒకటి దయ్యం పని, ఒకటి దేవుని పని. అవునా? తొందరపడకండి.

కందిరీగకు తల్లిప్రేమ లేదంటామా? ఆ చిన్న ప్రాణి ఎండలో ఎన్నిసార్లు మట్టి మోసి ఉంటుంది! తాను ఎన్నడూ చూడబోని బిడ్డకు తిండి, ఇల్లు సమకూర్చి వెళుతుంది. పని చూసి తీర్పు చెబితే దాన్ని మెచ్చుకోవలసిందే. కాని ఫ్రాన్స్ దేశంలో ఫాబర్ అనే కీటక పరిశోధకుడు (1823–1915) ఒక చిన్న పరీక్ష చేశాడు. కందిరీగ గది నింపుతుండగా, గుడ్డుతో ఉన్న సాలీడును ఆయన తీసేశాడు. అది మళ్లీ సాలీడును తెచ్చింది. ఆయన మళ్లీ తీశాడు. అలా తెచ్చినవి తెచ్చినట్టే తీసేస్తున్నా అది మోస్తూనే ఉండి, చివరికి ఖాళీ గదికి శ్రద్ధగా మూత వేసి వెళ్లిపోయింది. మరోసారి గూడునే గోడనుంచి ఊడదీసి తన జేబులో వేసుకున్నాడు. మట్టి ఉండతో వచ్చిన ఈగ, గూడు ఉండిన ఆ ఉత్త గోడకే మట్టి పూసింది. పోయి మళ్లీ తెచ్చి మళ్లీ పూసింది. బిడ్డ లేదు, ఇల్లు లేదు, పని మాత్రం సాగుతోంది. అంటే దానికి తెలిసింది పని. బిడ్డ తెలియదు.

మరి కొండముచ్చు? 1960వ దశకంలో కర్ణాటకలోని ధార్వాడ దగ్గర జపాను శాస్త్రజ్ఞుడు సుగియామా కొండముచ్చుల గుంపులను చూస్తుండగా భయంకరమైన సంగతి ఒకటి బయటపడింది. బయటినుంచి వచ్చిన మగవి గుంపు పెద్దను తరిమేశాక, కొత్త పెద్ద ఆ గుంపులోని పాలుతాగే పిల్లలను కొరికి చంపింది. 1970వ దశకంలో సారా హర్డీ అనే అమెరికా విద్యార్థిని రాజస్థాన్‌లోని ఆబూ కొండమీద ఏళ్లపాటు వీటిని గమనించి, 1977లో పుస్తకం ప్రచురించింది. ఆమె చెప్పిన కారణం ఇది. పాలిచ్చే తల్లి మళ్లీ త్వరగా కట్టదు. పిల్ల పోతే త్వరగా ఎదకు వస్తుంది. మగదాని పెత్తనమా, సగటున రెండు మూడేళ్లకు మించదు. తన సంతానం కోసం అది ఇతరుల సంతానాన్ని తొలగిస్తుంది. చాలామంది పండితులు మొదట ఈ మాట ఒప్పుకోలేదు. గుంపులు కిక్కిరిసినందువల్ల పుట్టిన పిచ్చి అన్నారు. 1999లో నేపాల్‌లోని రాంనగర్ కొండముచ్చుల డి.ఎన్.ఏ. పరీక్షల ఫలితాలు వెలువడ్డాయి. చంపిన మగవి ఆ పిల్లలకు తండ్రులు కావని తేలింది.

ప్రతి గుంపులోనూ ఇలా జరగదు. జరిగినచోట కూడా తల్లులు ఊరుకోవు. తమకు పిల్లలు లేని ముసలి ఆడవి సైతం మధ్యలో దూరి, తమకంటే ఎంతో బలమైన మగదానితో కలబడడం హర్డీ చూసింది. కాని చివరికి పిల్ల చనిపోతే, ఆ తల్లి కొన్నాళ్లకు ఆ హంతకుడికే బిడ్డను కంటుంది.

ఇప్పుడు చెప్పండి. ఏది మంచిది, ఏది చెడ్డది? కందిరీగ సాలీడును తెస్తుంది గాని తన జాతి పసిగుడ్డును తెచ్చి పెట్టడం లేదు. కొండముచ్చు తన జాతి పసిబిడ్డనే చంపుతుంది. ప్రేమగల జంతువు అనుకున్నది హంతకి అయింది, క్రూర జంతువు అనుకున్నది కష్టజీవి అయింది. మన తీర్పు అంతా తలకిందులైంది. అసలు అది వాటిమీద తీర్పే కాదు. మనకు బొచ్చు, కళ్లు, చేతులు ఉన్న ప్రాణి దగ్గరగా అనిపిస్తుంది. ఆరు కాళ్ల ప్రాణి దూరంగా అనిపిస్తుంది. ఆ దగ్గరతనాన్నే మంచితనం అనుకున్నాం.

పదమూడో శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వినాసు ఈ విషయంలో ఒక తేట మాట చెప్పారు. గొర్రె తోడేలును చూసి పారిపోతుంది. అదీ ఒక నిర్ణయమే గాని, స్వేచ్ఛగా చేసిన నిర్ణయం కాదు, స్వభావం చేయించినది. మనిషి మాత్రం ఇది చేయనా, అది చేయనా అని ఆలోచించి ఎన్నుకోగలడు. ఎన్నుకునే స్వేచ్ఛ ఉన్నచోటే పుణ్యం, అక్కడే పాపం. అంతేకాదు, ఆదాము పాపం చేసినందువల్లనే సింహం మాంసం తినడం మొదలుపెట్టిందని చెప్పేవారితో ఆయన ఏకీభవించలేదు. మనిషి పాపం జంతువుల స్వభావాన్ని మార్చలేదన్నారు. కాబట్టి మా కిటికీ చెక్కమీది కందిరీగ పాపి కాదు, శాపగ్రస్త కూడా కాదు.

మరి అబ్బాయి అడిగిన రెండో ప్రశ్న? దాన్ని దేవుడే చేశాడా? చేశాడు. పరిశుద్ధ గ్రంథం ఈ విషయంలో మనకంటే ధైర్యంగా మాట్లాడుతుంది. సింహపు పిల్లలు వేటకోసం గర్జిస్తూ దేవునే ఆహారం అడుగుతున్నాయని కీర్తనకారుడు పాడాడు. యోబు గ్రంథంలో దేవుడు తన సృష్టిని చూపిస్తూ, గుడ్లను మట్టిలో వదిలేసి పోయే నిప్పుకోడిని దాచిపెట్టలేదు. దానికి తెలివి ఇవ్వనిది తానేనని చెప్పాడు. యోబు అడిగిన ప్రశ్నకు నేరుగా సమాధానం దొరకలేదు. కాని అడిగినందుకు యోబును దేవుడు దండించనూ లేదు. 1992 నాటి కతోలిక శ్రీసభ సత్యోపదేశం ఈ సృష్టి ఇంకా ప్రయాణంలో ఉన్నదని, తన పరిపూర్ణతను అందుకునే వరకు కట్టడంతో పాటు కూలడం కూడా ఉంటుందని బోధిస్తున్నది. సృష్టి అంతా ప్రసవవేదనతో మూలుగుతున్నదని పునీత పౌలు రోమీయులకు రాసిన మాట కూడా ఇదే. మూలుగు లేదని చెప్పడం విశ్వాసం కాదు. ఆ సాలీడు కాలు వణకడం నిజం. దాన్ని చూసి పసివాడి మనసు వణకడం కూడా దేవుడిచ్చిన వరమే.

ప్రియ పాఠకులారా, ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం పురుగుల పాఠం అవుతుంది. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

ఆ అబ్బాయి తండ్రి వాడికి మూడేళ్లప్పుడు చనిపోయాడు. తల్లిది చిన్న వయసు. రెండేళ్లకు మరో సంబంధం వచ్చింది. మాట్లాడుకోవడానికి పెద్దలు కూర్చున్నారు, నన్నూ పిలిచారు. పెళ్లికొడుకు తరఫువారు అన్నీ ఒప్పుకున్నారు, ఒక్క బిడ్డను తప్ప. అప్పుడు ఒక పెద్దాయన, "ఇందులో తప్పేముంది మాస్టారూ? పరాయి బిడ్డను ఏ మగాడు పెంచుతాడు? అడవిలో జంతువు కూడా పెంచదు. అది ప్రకృతి" అన్నాడు. అందరూ తలూపారు. ఆ తల్లి తల వంచుకుని కూర్చుంది. నాకు ఏదో చెప్పాలనిపించింది. శుభకార్యం చెడుతుందేమోనని నోరు మెదపలేదు. బిడ్డ అమ్మమ్మ దగ్గర మిగిలిపోయాడు. ఎవరూ వాడిని చంపలేదు, కొట్టలేదు. ఒక గదిలో పెట్టి మూసేశాం, అంతే.

"అది ప్రకృతి" అన్న ఆ ఒక్క మాట దగ్గర ఆగండి. మనం రోజూ వింటున్న మాటే ఇది. బలవంతుడు బలహీనుణ్ణి తొక్కితే పెద్ద చేప చిన్న చేపను తినడం సహజం అంటాం. మగాడు తప్పు చేస్తే మగబుద్ధి అంటాం. ముసలి తల్లిదండ్రులను వదిలేస్తే రెక్కలొచ్చిన పక్షులు ఎగిరిపోవా అంటాం. మన తప్పుకు జంతువును సాక్షిగా పిలుస్తాం. దానికి నోరు లేదు కదా, ఏది చెప్పినా ఒప్పుకుంటుంది. ఇంకో చిత్రం కూడా చూడండి. ఏ జంతువును పిలవాలో మనమే ఎంచుకుంటాం. ఆ పెద్దాయనకు చంపే మగ కొండముచ్చు గుర్తొచ్చింది గాని, పరాయి పిల్లకోసం కలబడిన ముసలి ఆడ కొండముచ్చు గుర్తుకు రాలేదు. అది కూడా ప్రకృతే కదా? ఎన్నుకున్నది మనమే. ఎన్నుకునే శక్తి మనకున్నదని ఆ ఎన్నికే రుజువు చేస్తున్నది. అప్పుడిక స్వభావం చేయించింది అనడానికి మనకు నోరెక్కడిది?

మత్తయి సువార్త మొదటి రెండు అధ్యాయాలు ఈ దృష్టితో మళ్లీ చదవండి. అక్కడ ఇద్దరు మగవారు ఉన్నారు. ఒకడు హేరోదు. తన సింహాసనానికి అడ్డం వస్తాడేమోనని బేత్లెహేములో రెండేళ్లలోపు మగబిడ్డలను చంపించాడు. పైకి చూస్తే గుంపును కాపాడుకునే మగ కొండముచ్చు పని లాగే ఉంటుంది. కాని కొండముచ్చు హేరోదు కాదు. దానికి ఇంకో దారి తెలియదు. హేరోదుకు తెలుసు. ఆలోచించాడు, లెక్క వేశాడు, ఆజ్ఞ ఇచ్చాడు. అందుకే అది పాపం.

రెండోవారు మన జోజప్పగారు. కడుపులో ఉన్న బిడ్డ తనది కాదని ఆయనకు తెలుసు. రహస్యంగా విడిచిపెడదామనుకున్నారు. ఆ రోజు మన పెద్దలు అక్కడ ఉంటే, "సహజమే" అని భుజం తట్టేవారు. కాని దేవుని మాట విని నిద్రలేచి మరియమ్మను ఇంటికి తెచ్చుకున్నారు. హేరోదు కత్తి వస్తుంటే రాత్రికి రాత్రి తల్లీబిడ్డలతో ఐగుప్తుకు వెళ్లారు. రక్తసంబంధం లేని బిడ్డకోసం దేశం విడిచారు. పోపు ఫ్రాన్సిస్ 2020 డిసెంబరు 8న జోజప్పగారిమీద రాసిన లేఖలో, బిడ్డను కన్నంతమాత్రాన ఎవరూ తండ్రి కారని, బిడ్డ బాధ్యతను తలకెత్తుకున్నప్పుడే తండ్రి అవుతారని గుర్తుచేశారు. రక్షణ చరిత్రలో లోకరక్షకుణ్ణి బతికించినది ఒక పెంపుడు తండ్రి. మన బలిపీఠం పక్కన ఆయన స్వరూపాన్ని పెట్టుకుని, మార్చి 19న పండుగ చేసుకుని, పెళ్లి మాటల్లో మాత్రం పరాయి బిడ్డ అంటున్నాం.

కందిరీగనుంచి కూడా మనం ఒకటి నేర్చుకోవచ్చు, మెచ్చుకోవడానికి కాదు, భయపడడానికి. గూడు పోయిన గోడకు మట్టి పూస్తున్న ఆ ఈగను తలుచుకోండి. ఫీజు కట్టాం, బట్టలు కొన్నాం, హాస్టల్లో వేశాం, నెలనెలా డబ్బు పంపుతున్నాం. పని అంతా సక్రమంగా సాగుతోంది. గదిలో బిడ్డ ఉన్నాడా, ఏడుస్తున్నాడా అని తొంగి చూసినవారెవరు? గూటికి మూత వేసి వెళ్లిపోయే హక్కు కందిరీగకు ఉంది. మనకు లేదు.

ఆ మర్నాడు తరగతి అయిపోయాక నేను ఆ అబ్బాయిని ఆపాను. "నిన్న నీకు సరిగా జవాబు చెప్పలేదురా" అన్నాను. కందిరీగకు పాపం తెలియదని, దానికి ఇంకో దారి లేదని, దేవుడు ఎందుకు అలా చేశాడో పూర్తిగా నాకూ తెలియదని, దేవుణ్ణి అలా అడగవచ్చునని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "మరి మనకు ఇంకో దారి ఉంటుందా మాస్టారూ?" అన్నాడు.

"ఉంటుంది" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

ఆ ఆదివారం దివ్యబలిపూజ తర్వాత వాడి తల్లి ఉండే ఊరికి బస్సెక్కాను. ఆమె భర్త ఇంట్లోనే ఉన్నాడు. చెడ్డవాడు కాదు. ఎవరూ అతణ్ణి సూటిగా అడగలేదు, అంతే. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను, అది వారి ఇంటి సంగతి. పోయిన క్రిస్మసుకు అబ్బాయి అక్కడే ఉన్నాడు. ఇంకా అమ్మమ్మ దగ్గరే చదువుతున్నాడు. ముందు ముందు ఏమవుతుందో ప్రార్థిద్దాం.

మీ విచారణలో, మీ వీధిలో, బహుశా మీ ఇంటిపేరులోనే అలాంటి బిడ్డ ఒకరు ఉండవచ్చు. ఈ వారం ఒకసారి లెక్క చూసుకోండి. ఎవరైనా "అది ప్రకృతి" అంటే, నాలా నోరు మూసుకోకండి. కందిరీగను, కొండముచ్చును వాటి దారిన వదిలేసి, జోజప్పగారిని చూపించండి.